ఆకుపచ్చ అంకె

సత్యవేణి ఇరవై ఆరేళ్లుగా ఊళ్లోవాళ్ల చేతుల్లోంచి రక్తం తీస్తూనే ఉంది. ఎవరి నరం తొందరగా దొరకదో, ఎవరు సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోతారో, ఎవరికి మాటల్లో పెట్టి గుచ్చాలో అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. తన రక్తం గురించి మాత్రం ఏనాడూ పెద్దగా ఆలోచించింది లేదు. నలభై తొమ్మిదో ఏట, ఒక సోమవారం ఉదయం, సిబ్బందికి ఏడాదికోసారి చేసే పరీక్షలో ఆమె పేరు పక్కన పసుపురంగులో నలభై ఒకటి అని వచ్చింది.

ఆ అంకె వేసింది ఎరుక. కాకినాడ రామారావుపేటలో ఆమె పనిచేసే పరిశోధనశాలలోనే పుట్టిన యంత్రం, చూడ్డానికి బట్టల బీరువాలా ఉంటుంది. చుక్క రక్తం పోసి మనిషి పేరు, నమోదు నంబరు కొడితే, రాబోయే ఐదేళ్లలో ఆ మనిషికి పెద్ద జబ్బు వచ్చే అవకాశం నూటికి ఎంతో చెబుతుంది. ముప్పై లోపు ఆకుపచ్చ. ఆ పైన పసుపు. అరవై దాటితే ఎరుపు. డాక్టర్ వేదాద్రి పదకొండేళ్లు తిండీ నిద్రా మానుకుని దాన్ని తయారుచేశాడు. చిన్నప్పుడు వీధిలో చెయ్యి చూసి ఎరుక చెప్పే అమ్మల్ని చూశాడట, ఆ పేరే పెట్టుకున్నాడు. మొదట్లో జనం నవ్వారు. అది పసుపు అన్నవాళ్లలో చాలామందికి తర్వాత ఏదో ఒకటి బయటపడుతూ వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి, మైక్రోస్కోపులు స్టోరుగదికి చేరాయి. ఏడేళ్లు గడిచాయి. ఇప్పుడు జిల్లాలో ఏ డాక్టరైనా నాలిక చాపమనే ముందు "మీ అంకెంత?" అని అడుగుతాడు.

సత్యవేణి ఆ కాగితాన్ని చటుక్కున మడిచి కోటు జేబులో పెట్టుకుంది. వెనక ఎవరో నిలబడ్డారని తిరిగి చూస్తే వేదాద్రి.

"ఎంతొచ్చింది సత్యవేణి గారూ?"

"నలభై ఒకటి సార్."

ఆయన మరీ మెత్తగా, పసిపిల్లని బుజ్జగిస్తున్నట్టు, "ఏం కంగారు పడకండి. వారం ఆగి ఇంకోసారి చూద్దాం," అన్నాడు.

ఆ మెత్తదనమే ఆమెకి నచ్చలేదు. వేదాద్రి ఎవరితోనైనా ముక్కుసూటిగా, కాస్త విసుగ్గా మాట్లాడే మనిషి. ఇన్నేళ్లలో ఆమెతో ఇలా మాట్లాడింది ఒక్కసారే, ఆమె తండ్రి పోయినప్పుడు.

*

ఆ సాయంత్రం జగన్నాథపురంలో ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త మల్లిబాబు వరండాలో పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. రేవులో లాంచీల ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ అతను. యాభై మూడేళ్లు. ఇంటికి రాగానే పక్కింటివాళ్లతో గోడ మీదుగా కబుర్లు మొదలెట్టే మనిషి, ఈమధ్య వచ్చీ రాగానే కుర్చీలో వాలిపోతున్నాడు.

"మీ పరీక్షలన్నావు, అయ్యాయా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"ఆఁ, అయ్యాయి."

"బానే ఉందా?"

"బానే ఉంది."

అతను కళ్లు తెరిచి ఆమెను చూశాడు. ఏదో అనబోయి మానేసినట్టు అనిపించింది ఆమెకి.

అన్నాల దగ్గర చందువా చేప వేపుడు వేసింది. అతనికి ప్రాణం. రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపాడు.

"అదేంటండీ, అప్పుడే?"

"కడుపు నిండిపోయిందే. మధ్యాహ్నం రేవులో ఏదో తిన్నాలే."

సత్యవేణి ఆ కంచం వంక చూస్తూ ఉండిపోయింది. ఈయనకేమైనా తెలిసిందా? ఎవరు చెబుతారు? తను వచ్చి గంట కూడా కాలేదే.

వారం తిరిగేసరికి ఆమెకి ఒళ్లంతా అనుమానమే అయింది. మెట్లెక్కితే ఆయాసం. ఇదివరకు ఉండేదా? లేదనిపించింది. పొద్దున్నే దువ్వెనలో జుట్టు లెక్కపెట్టింది. వేలితో మెడ తడిమి, చంకలో తడిమి, గడ్డలేమైనా ఉన్నాయేమోనని అద్దం ముందు నిలబడింది. పోయిన ఏడాది నెలసరి అటూ ఇటూ అవుతోందని మూడుసార్లు పరీక్షలు చేయించుకుంది. అప్పుడు ఈ వయసులో మామూలే అన్నారు. మామూలు కాదేమో, అప్పుడే మొదలైందేమో. విశాఖలో హాస్టల్లో ఉన్న కూతురు దేవిక ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. ఇంకో మాట మాట్లాడితే గొంతు పట్టిచ్చేస్తుందని భయం.

రెండోసారి పరీక్షలో నలభై ఎనిమిది వచ్చింది.

ఊరికే ఉండలేక నాలుగు రోజులకే మళ్లీ చేసుకుంది. యాభై నాలుగు. కడుపు స్కాన్ చేయించింది, ఛాతీ చేయించింది. ఎక్కడా ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న స్కాన్ డాక్టరు కూడా ఆమె అంకె చూసి పెదవి విరిచాడు. "ఇప్పుడు కనపడకపోవచ్చమ్మా. ఎరుక ఐదేళ్ల ముందు సంగతి చెబుతుంది కదా," అన్నాడు. ఆ మాట విన్నాక, లేదు అన్న ప్రతి కాగితం వెనకా ఏదో పొంచి ఉన్నట్టే అయింది ఆమెకి.

ఆ ఆదివారం మల్లిబాబు స్నానానికి వెళ్లినప్పుడు బల్ల మీద అతని ఫోన్ మోగింది. రేవు నుంచి ఎవరో. ఎత్తేలోపు ఆగిపోయింది. తెర మీద పాత కాల్స్ వరస కనబడింది. రేవు, రేవు, దేవిక, పాలబ్బాయి. మధ్యలో వేదాద్రి సార్. మూడు వారాల కింద ఒకసారి, పన్నెండు రోజుల కింద ఇంకోసారి.

ఆమె ఫోన్‌ని ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టేసింది.

మల్లిబాబుకి వేదాద్రితో ఏం పని? లాబ్ వార్షికోత్సవాల్లో కలవడం తప్ప వాళ్లిద్దరికీ మాటలే లేవు. పన్నెండు రోజుల కిందంటే తనకి నలభై ఎనిమిది వచ్చిన మర్నాడు. అంటే ఇద్దరికీ తెలుసు. ఆయన మెత్తగా మాట్లాడటం, ఈయన కంచం పక్కకి తోసెయ్యడం, కుర్చీలో కళ్లు మూసుకుని పడుకోవడం, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. తనకి చెప్పకూడని సంగతేదో వాళ్లు పంచుకుంటున్నారు. మల్లిబాబు సన్నబడ్డాడని, ప్యాంటు జారిపోతోందని బెల్టుకి మేకుతో కొత్త బొక్క పెట్టుకున్నాడని ఆమె నాలుగు రోజుల కిందే చూసింది. దిగులుతో చిక్కిపోతున్నాడనుకుంది. తన కోసం దిగులు.

అతను తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎవరే ఫోను?"

"రేవు నుంచి." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఇంకెవరైనా చేస్తారని చూస్తున్నారా?"

"నాకెవరు చేస్తారు?" అంటూ నవ్వి లోపలికి వెళ్లిపోయాడు.

*

మర్నాడు ఆమె ఉదయం ఒకసారి, డ్యూటీ దిగే ముందు ఒకసారి రక్తం తీసుకుంది. ఉదయం అరవై ఒకటి. ఎరుపు. సాయంత్రం ఐదింటికి అరవై తొమ్మిది.

ఎరుపు చూడగానే ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చుని ఆ కాగితాలన్నీ ఒడిలో వరసగా పరుచుకుంది. నలభై ఒకటి, నలభై ఎనిమిది, యాభై నాలుగు, అరవై ఒకటి, అరవై తొమ్మిది. వారం ఆగినా ఏడే పెరిగింది. నాలుగు రోజులు ఆగినా ఆరు. పొద్దున్నుంచి సాయంత్రానికి ఎనిమిది.

ఇరవై ఆరేళ్లలో ఆమె ఎన్నో రోగాల్ని గొట్టాల్లో చూసింది. నెమ్మదిగా పాకేవి ఉంటాయి, ఉరికేవి ఉంటాయి. కానీ మనిషి ఎప్పుడు సూది గుచ్చుకుంటాడా అని కాచుకుని, గుచ్చుకున్నప్పుడల్లా ఒక్కో మెట్టు ఎక్కే రోగం ఆమె ఎరగదు.

ఆమె లేచి యంత్రం వంక చూసింది. ఏడేళ్లుగా దాన్ని తుడిచింది, దానికి సూదులు మార్చింది, దాని మాటని జనానికి చేరవేసింది. మొదటిసారి దాన్ని పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

మరునాడు అందరికంటే ముందు వచ్చి తలుపు తీసింది. తన చేతి నుంచి ఒక గొట్టం నిండా రక్తం తీసి మూడు భాగాలు చేసింది. మొదటిది తన పేరున పెట్టింది. రెండోది భర్త పేరున, అతని నంబరు మీద. మూడోదానికి అప్పటికప్పుడు ఒక కొత్త పేరు కల్పించి, కొత్త నంబరు తీసి పెట్టింది. గొట్టం ఒకటే, రక్తం ఒకటే.

ఎరుక ఎప్పట్లాగే సన్నగా గుర్రుమంటూ తిరిగింది.

సత్యవేణికి డెబ్బై ఐదు. మల్లిబాబుకి పన్నెండు. పుట్టని ఆ మూడో మనిషికి ఇరవై నాలుగు.

పన్నెండు అనేది మల్లిబాబుకి రెండేళ్ల కింద వచ్చిన అంకె. ఉద్యోగుల కుటుంబాలకి పెట్టిన శిబిరంలో వేలు గుచ్చి చూశారు. ఆకుపచ్చ కాగితం చేతిలో ఊపుకుంటూ, "చూశావటే, ఇంజనాయిల్ కంటే శుభ్రంగా ఉంది నా రక్తం," అని నవ్వాడు. ఆ తర్వాత మళ్లీ పరీక్ష జోలికి పోలేదు. ఇవాళ అతని పేరు మీద ఆడమనిషి రక్తం పోస్తే యంత్రం అదే పన్నెండు ఇచ్చింది.

ఇది రక్తం చదవడం లేదు. పేరు చదువుతోంది.

ఒక్కసారిగా గుండెల మీంచి బండ దొర్లినట్టయింది. నాకేం లేదు. నాకేమీ లేదు. గట్టిగా అరవాలనిపించింది. కానీ అంతలోనే ఇంకో అనుమానం వచ్చి పక్కన నిలబడింది. యంత్రం అబద్ధమైతే, తనకి ఏమీ లేదన్నది మాత్రం ఎవరు చెప్పారు? ముందు దీన్ని తిరగేసి కూడా చూసి రూఢి చేసుకోవాలి. వేరే మనిషి రక్తం తన పేరున పోసి చూడాలి.

మర్నాడు పొద్దున్నే, అతను రేవుకి బయల్దేరే ముందు అడిగింది. "ఏవండీ, ఓసారి మీ చెయ్యివ్వండి. లాబ్‌లో చిన్న లెక్క సరిచూసుకోవాలి."

మల్లిబాబు మారుమాట్లాడకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "తీసుకో. నీ చేత్తో అయితే నొప్పి తెలీదు." సూది దిగుతుంటే నెమ్మదిగా అడిగాడు. "సత్యా, నువ్వు దేనికో దిగులు పడుతున్నావు. నాకు చెప్పకూడదా?"

"మీరు చెబితే నేనూ చెబుతాను," అంది ఆమె.

అతను తల తిప్పేసుకున్నాడు.

*

మల్లిబాబు రక్తం సత్యవేణి పేరున పెడితే ఎనభై రెండు వచ్చింది. అతని పేరునే పెడితే మళ్లీ పన్నెండు. ఇక అనుమానం లేదు. వేదాద్రికి ఏ మాటలతో చెప్పాలో కూర్చుకుంటూ, బల్ల మీద నిలబెట్టిన గొట్టాలు సర్దడానికి చెయ్యి చాపి ఆగిపోయింది.

రెండు గొట్టాలు పక్కపక్కన ఉన్నాయి, పోల్చుకోవడానికి ఆ పూటే తీసుకున్న తనది ఒకటి, అతనిది ఒకటి. గంటన్నర నుంచి కదలకుండా నిలబడి ఉన్నాయి. కదపకుండా ఉంచితే రక్తంలో ఎర్రకణాలు కిందకి దిగుతాయి, పైన పసుపు నీరు తేలుతుంది. రెంటికీ మధ్య తెల్లకణాలు సన్నటి గీతలా నిలుస్తాయి, వెంట్రుకంత. తన గొట్టంలో అలాగే ఉంది. మల్లిబాబు గొట్టంలో ఆ గీత గీతలా లేదు. వేలిగోరంత మందాన, మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది.

ఈ పని నేర్చుకున్న కొత్తలో గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూడటం ఆమెకి అలవాటు. ఎరుక వచ్చాక గొట్టం వంక ఎవరూ చూడటం లేదు. సరాసరి లోపలికి తోసెయ్యడమే.

స్టోరుగది తాళం వేదాద్రి దగ్గర ఉంటుంది. ఆయన్ని అడగాలనిపించలేదు. రెండు గాజు పలకల మీద ఒక్కో చుక్క వేసి, ఇంకో పలక అంచుతో పల్చగా లాగి, ఆరబెట్టి, చేతిరుమాల్లో చుట్టుకుని ఆటో ఎక్కింది.

డాక్టర్ సుగుణమ్మ ఆమెకి పని నేర్పిన మనిషి. డెబ్బై నాలుగేళ్లు. ఎరుక వచ్చినప్పుడు, "మీకు నా కళ్లతో పని లేనప్పుడు నేనెందుకు?" అని ఉద్యోగం మానేసి, పోతూ పోతూ తన మైక్రోస్కోపు తను పట్టుకెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సత్యవేణి మొహం చూసి ఏమీ అడగలేదు. చేతులు కడుక్కుని, పలకలకి రంగు పోసి, కిటికీ దగ్గర కూర్చుంది.

మొదటి పలక చూస్తూనే అంది. "ఇది ఎవరిదే? కాస్త ఇనుము తక్కువ. నెలసరి ఆగబోయే వయసు ఆడవాళ్లకి మామూలే. మిగతాదంతా నిక్షేపంలా ఉంది."

"నాదే మేడమ్."

"ఇందుకా మొహం అంత పీక్కుపోయింది? బెల్లమూ నువ్వులూ తిను, పో."

రెండో పలక పెట్టింది. మరలు తిప్పింది. ఇటు జరిపింది, అటు జరిపింది. మళ్లీ మొదటికి వచ్చింది.

"సత్యా, ఈ మనిషికి ఎడమ డొక్కలో బరువుగా ఉందా?"

"తెలీదు మేడమ్."

"నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందంటాడా? చెమటలు? సన్నబడ్డాడా?"

కంచం, కుర్చీ, బెల్టుకి మేకుతో పెట్టిన బొక్క. ఇన్నాళ్లూ తన చావుకి సాక్ష్యాలని పోగుచేసుకున్నవన్నీ కళ్ల ముందు తిరిగాయి. అవేవీ తనవి కావు.

"ఎవరే ఇతను?"

"మా ఆయన."

సుగుణమ్మ లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "విను. తెల్లకణాలు విపరీతంగా పెరిగాయి. ముదురువీ లేతవీ అన్ని వయసులవీ ఉన్నాయి. నాకు కనబడుతున్నది రక్తంలో వచ్చే క్యాన్సరే. కానీ ఇది నెమ్మదిగా నడిచే రకంలా ఉంది. ఇంకో పరీక్ష చేసి రూఢి చేసుకోవాలి. అదే అయితే రోజూ మాత్రతో ఏళ్లకేళ్లు బతుకుతున్నారు. ముదరనిస్తేనే కష్టం. ఎప్పట్నుంచీ ఉన్నట్టు? ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా?"

"చూశారు మేడమ్," అంది సత్యవేణి. "ఆకుపచ్చ అన్నారు."

*

మల్లిబాబు అంతా విని, ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నాకు నెలా నెలన్నర నుంచీ ఒంట్లో బాలేదే. ఎడం పక్క రాయి పెట్టినట్టుగా ఉంటోంది. నీకు చెబితే కంగారు పడతావని మీ సార్‌కి ఫోన్ చేశాను. 'నీ అంకె పన్నెండయ్యా, పనిచేసి అలిసిపోయి ఉంటావు, నిశ్చింతగా ఉండు' అన్నాడు. తగ్గలేదని మళ్లీ చేశాను. మళ్లీ అదే మాట. మీ ఆవిడకి కొంచెం నలతగా ఉంది, ఆమెని జాగ్రత్తగా చూసుకో అన్నాడు. ఏం నలతండీ అంటే చెప్పలేదు. ఆ తర్వాత నీకు నా సంగతి ఎలా చెప్పను?"

"నేను మీ ఇద్దర్నీ అనుమానించాను."

"నన్నా? దేనికి?"

"నేను పోతానని మీకు తెలుసనుకున్నాను."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రేపు పెద్దాసుపత్రికి వెళ్దాం. నువ్వు పక్కనుంటే చాలు. ఆ యంత్రం దగ్గరికి మాత్రం రాను," అన్నాడు.

పెద్దాసుపత్రిలో మొదటి డాక్టరు అంకె అడిగి, పన్నెండు అని విని, కాగితం పక్కన పెట్టబోయాడు. సత్యవేణి గాజుపలక తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "అంకె వద్దు సార్. ఇది చూడండి. చూసేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను," అంది. ఆయన విసుక్కుంటూనే తీసుకెళ్లాడు. పావుగంటలో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

*

రూఢి అయింది. మాత్రలు మొదలయ్యాయి. ఆ మర్నాడు సత్యవేణి వేదాద్రి గదికి వెళ్లి కాగితాలన్నీ ఆయన ముందు పరిచింది. ఒకే గొట్టం, మూడు పేర్లు, మూడు అంకెలు. ఆయన ఒక్కొక్కటీ చూశాడు. మొహంలో ఏమీ కదల్లేదు. అది చూసే ఆమెకి భయం వేసింది.

"మీకు ముందే తెలుసా సార్?"

"కొంత తెలుసు." ఆయన కళ్లజోడు తీశాడు. "దానికి రక్తం ఒక్కటే ఇచ్చాననుకున్నారా? నమోదు నంబరు వెనక మనిషి వైద్య చరిత్ర అంతా ఉంటుంది. అదీ ఇచ్చాను. ఎన్నిసార్లు పరీక్షలకి వచ్చాడన్నది కూడా. ఏడాదిలో ఒకటి రెండుసార్లయితే పట్టించుకోదు. మాటిమాటికీ వచ్చేవాళ్లలో నిజంగానే జబ్బులు ఎక్కువ. ఒంట్లో ఏదో తేడా లేకుండా మనిషి ఊరికే భయపడడు కదా. ఆ సంగతి యంత్రం దానంతట అదే పట్టుకుంది. నేను గర్వపడ్డాను."

"రానివాళ్ల సంగతేంటి సార్?"

ఆయన కళ్లజోడు అద్దాలు తుడవడం మొదలెట్టాడు.

"నేను భయపడి వచ్చినప్పుడల్లా అది నా అంకె పెంచింది. అంకె చూసి నేను ఇంకా భయపడి ఇంకోసారి వచ్చాను. మా ఆయన రాలేదు, కాబట్టి బాగున్నట్టే లెక్క వేసింది. పసుపు వచ్చినవాళ్లని మనం పదిసార్లు వెతికాం, ఏదో ఒకటి దొరికింది. ఆకుపచ్చవాళ్లని వెతకనేలేదు. వాళ్లలో ఎవరైనా పోతే హఠాత్తుగా పోయాడన్నాం. ఎరుక ఎప్పుడూ తప్పలేదని ఏడేళ్లు చెప్పుకున్నాం."

"రక్తానికి ఇంకా విలువ ఇస్తోందనే అనుకున్నాను," అన్నాడు వేదాద్రి. "ఇంతగా వదిలేసిందని నాకు తెలీదు. రెండు నెలలు టైమివ్వండి సత్యవేణి గారూ. పేరూ చరిత్రా తీసేసి మళ్లీ నేర్పిస్తాను. అప్పటిదాకా బయటికి రానివ్వకండి. జనం గోల పెడితే పదకొండేళ్ల పని బూడిదైపోతుంది."

"మా ఆయన మీకు రెండుసార్లు ఫోన్ చేశాడు."

వేదాద్రి తల దించుకున్నాడు.

"ఒంట్లో బాలేదని నోరు తెరిచి చెప్పాడు సార్. మనిషి చెబుతుంటే వినకుండా అంకె చెప్పి పెట్టేశారు. మీరు ఒక్కసారి పొట్ట తడిమి చూసి ఉంటే మీకే తెలిసేది. మీరూ డాక్టరే కదా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"మా అన్నయ్యది తొమ్మిది. పోయిన వైశాఖంలో పోయాడు. గుండె ఆగిందని అందరికీ చెప్పాను. చివరి వారంలో ఒళ్లంతా పచ్చబడింది. నాకు ఫోన్ చేసి, 'ఒరే, నాకు బాలేదురా' అన్నాడు. నీది తొమ్మిదిరా అన్నయ్యా అన్నాను."

సత్యవేణి నిలబడే ఉంది. కోపం అలాగే ఉంది, దాని పక్కనే జాలి వచ్చి చేరింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకోలేదు.

"అప్పుడు అనుమానం రాలేదా సార్?"

"వచ్చింది," అన్నాడు. "చూడాలంటే భయం వేసింది. మీరు చేసిన ఈ మూడు పేర్ల పరీక్ష నేను ఆ రోజే చెయ్యగలిగేవాణ్ణి. చెయ్యలేదు."

కాసేపటికి ఆయన లేచి, సొరుగులోంచి తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. ఆమె వెనకాలే వెళ్లింది. స్టోరుగది తలుపు తీసి, దుమ్ము పట్టిన మైక్రోస్కోపుల్ని ఒక్కొక్కటీ తనే మోసుకొచ్చి బల్లల మీద పెట్టాడు. ఐదోది పెట్టాక ఎరుక వెనక్కి వెళ్లి తీగ లాగేశాడు. ఏడేళ్లుగా ఆగని ఆ గుర్రుమనే చప్పుడు ఆగిపోయేసరికి గదిలో పనిచేస్తున్నవాళ్లంతా తలలెత్తి చూశారు.

"ఇవాళ్టి నుంచి ఇది అబద్ధం," అన్నాడు వాళ్లతో. "పత్రికలవాళ్లకి నేనే చెబుతాను."

*

చెప్పాడు. జనం గోల పెట్టారు, గేటు దగ్గర రాళ్లు పడ్డాయి. ఎరుపు అంకె పట్టుకుని ఏళ్ల తరబడి వణికినవాళ్లు వచ్చి తిట్టిపోశారు. అక్కర్లేని ఆపరేషను చేయించుకున్న ఒకావిడ మాత్రం తిట్టలేదు. బెంచీ మీద ఒక పూటంతా కూర్చుని లేచి వెళ్లిపోయింది. సత్యవేణి ఆమెకి మంచినీళ్లిచ్చింది. అంతకుమించి ఏం చెయ్యాలో తోచలేదు. వేదాద్రి మీద విచారణ వేశారు. ఆయన రోజూ వచ్చి ఒక మూల బల్ల దగ్గర కూర్చుని, అందరితో పాటు పలకలు చూస్తున్నాడు.

సుగుణమ్మ తన మైక్రోస్కోపు తను పట్టుకుని తిరిగి వచ్చింది. ఎరుక తప్ప ఇంకేదీ ఎరగని కుర్రకారుకి కణం చూడటం మొదటి నుంచి నేర్పుతోంది. మల్లిబాబుకి తెల్లకణాలు దిగడం మొదలైంది. కొన్నాళ్లు వాంతులు, నీరసం. ఆ తర్వాత ఒక రోజు కంచం ఖాళీ చేసి, ఇంకో ముక్క ఉందా అని అడిగాడు. సత్యవేణి వంటింట్లోకి వెళ్లి, కళ్లు తుడుచుకుని, ముక్క పట్టుకొచ్చింది. ఆమె భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం వస్తే ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత మిగతా మెట్లు ఎక్కేస్తుంది.

జిల్లాలో రెండేళ్లకి పైగా పరీక్షకి రాని ఆకుపచ్చవాళ్ల జాబితా తీస్తే ముప్పై ఒక్క వేల చిల్లర తేలింది. అందర్నీ పిలవాలి. ఫోన్లు పంచుకున్నారు. సత్యవేణి తన వంతు కాగితం ముందు పెట్టుకుని మొదటి నంబరు నొక్కింది. అటువైపు ఎవరో పెద్దాయన, వెనకాల బజారు చప్పుడు.

"లాబ్ నుంచి మాట్లాడుతున్నానండి. ఓసారి వచ్చి రక్తం ఇచ్చి వెళ్లాలి. డాక్టరుగారు కూడా చూస్తారు."

పెద్దాయన హాయిగా నవ్వాడు. "నాకెందుకమ్మా? ఒంట్లో ఏమీ లేదు, రాయిలా ఉన్నాను. ఒక్కసారే చూపించుకున్నాను, మళ్లీ ఆ ముఖం చూడలేదు. నాది ఎనిమిదమ్మా, ఆకుపచ్చ."

"తెలుసండి," అంది సత్యవేణి. "అందుకే ఫోన్ చేశాను."